ఆటోమేటిక్‌కీ ఆటోమేటెడ్‌కీ మధ్య కూత మావ

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఉత్తరాలే రాశాను. సొంతానికి కాదు, మిల్లుకి. 'తమరి ఉత్తరం అందినది' అని మొదలుపెట్టడం, 'తమ విధేయుడు' అని ముగించడం, మధ్యలో ఏమీ చెప్పకుండా జాగ్రత్తపడటం నా పని. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నా కథ విని 'అంతేనా తాతగారూ?' అంటారు. అంతే నాయనా. కానీ ఆ అంతేలోనే ఒకసారి ఒక మనిషి కూడూ గూడూ ఒక్క ఇంగ్లీషు మాటకి వేలాడాయి. ఆ సంగతి చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, మాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు.

శ్రీకాకుళానికి కొద్ది దూరంలో నాగావళి ఒడ్డున ఒక గోనె మిల్లు ఉండేది. ఒక గేటులోంచి గోగునార లోపలికి వెళ్లేది, ఇంకో గేటులోంచి గోనెసంచులు బయటికి వచ్చేవి. యజమానులు కలకత్తాలో ఉండేవారు. అరవయ్యవ దశకం చివర్లో నేను అందులో ఉత్తరాల గుమాస్తాని. బియ్యే ప్యాసయ్యానని కార్మికులందరూ నన్ను 'ఇంగిలీసు బాబు' అనేవారు. నాకది బాగానే ఉండేది, కాదనను.

మిల్లు బాయిలరు మీద ఒక ఆవిరి కూత ఉండేది. షిఫ్టు మారే వేళకి ఒకాయన ఇనుపమెట్లెక్కి గొలుసు లాగితే ఊరంతా వినబడేలా కూసేది. ఆ లాగే మనిషి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన 'కూత మావ'. ఏళ్ల తరబడి ఆ కూత పక్కనే నిలబడి ఆయనకి చెవుడొచ్చేసింది. మొహం మీద మొహం పెట్టి అరిస్తే సగం వినబడేది. మిగతా సగం ఆయన తనకి తోచినట్టు పూర్తి చేసుకునేవాడు. 'మావా, భోంచేశావా?' అంటే 'బోనసా? ఎప్పుడిత్తారంట?' అనేవాడు.

బాయిలరుకి ఎదురుగా, కార్మికుల ఇళ్ల లైన్లలో మొదటి ఇల్లు ఆయనది. మిల్లు ఇచ్చిన ఇల్లు. ఉద్యోగం ఉన్నంతవరకే ఇల్లు. పిల్లలు లేరు. ఆయన భార్యని అందరం అత్తా అనేవాళ్లం. ఎప్పుడు చూసినా గుమ్మంలో నిలబడి తుండుగుడ్డ దులుపుతూ కనిపించేది. రెండు గదుల ఇంట్లోకి అంత దుమ్ము ఎక్కడినుంచి వస్తుందా అనుకునేవాణ్ణి.

షిఫ్టు కూతలు కాక ఇంకోటి ఉండేది. పొద్దుటి షిఫ్టు మధ్యలో ఎప్పుడో పొట్టిగా ఒక్కసారి 'కూ' అనేది. దాన్ని పాలకూత అనేవారు. అది వినగానే సంచులు కుట్టే షెడ్డులో ఉన్న చంటిపిల్లల తల్లులు సూది పక్కన పెట్టి లైన్లకి పరుగెత్తి, పిల్లలకి పాలిచ్చి, మళ్లీ పరుగెత్తుకొచ్చేవారు. ఇది ఏ రూలులోనూ లేదు. ఏ మేనేజరూ ఒప్పుకోలేదు, ఏ మేనేజరూ ఆపనూ లేదు. రోజూ ఒకే వేళకి కూడా వచ్చేది కాదు. విచిత్రమేమిటంటే ఎప్పుడొచ్చినా పిల్లలు ఏడుపు మొదలుపెట్టిన వేళకే వచ్చేది.

అలా ఉండగా ఒక ఏడాది వానలకి ముందు కలకత్తా నుంచి ఒక చెక్కపెట్టె దిగింది. పెట్టెలో గడ్డి, గడ్డిలో ఒక పెద్ద గడియారం, గడియారానికి ఒక ఇనుపచెయ్యి. కీ ఇచ్చి, వేళలు పెట్టి, బాయిలరు దగ్గర బిగిస్తే, వేళైనప్పుడు ఆ చెయ్యే గొలుసు లాగుతుంది. దాని విద్య అంతవరకే. పెట్టె మీద 'ఆటోమేటిక్' అని అచ్చేసి ఉంది. లోపలి బిల్లులో 'ఆటోమేటెడ్' అని ఉంది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

వెనకాలే హెడ్డాఫీసు ఉత్తరం వచ్చింది. ఆ యంత్రం ఆటోమేటిక్ అయితే పక్కన ఒక అటెండెంటును ఉంచవలెను. ఆటోమేటెడ్ అయితే మనిషి అక్కర్లేదు, కూత పోస్టు రద్దు చేసి ఇల్లు ఖాళీ చేయించవలెను. అది ఏదో ఒక్క మాటలో తెలియజేయవలెను. ఆ మాటే బోర్డు మీద రాయించి యంత్రానికి తగిలించవలెను. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి చూస్తారు. అడుగున ఎర్రసిరాతో ఇంకో ముక్క: ఎట్టి పరిస్థితుల్లోనూ 'ఆటోమేషన్' అనే మాట వాడరాదు. యంత్రాలొచ్చి ఉద్యోగాలు మింగేస్తాయని ఆ రోజుల్లో కలకత్తాలో ఆ మాట వినబడితే చాలు, జనం ఆఫీసులు చుట్టుముట్టేవారట.

మా మేనేజరు బెంగాలీ ఆయన. మనిషి మంచివాడే, కానీ కలకత్తా ఉత్తరానికి జవాబు తన చేత్తో రాసేవాడు కాదు. 'నువ్వు బియ్యే కదా, తేల్చు' అని దాన్ని నా బల్ల మీద పడేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆఫీసులో డిక్షనరీ ఒక్కటే. అటక మీంచి దింపి చూస్తే 'ఏ' అక్షరం మొత్తం చెదలు తినేశాయి. మిగతా పుస్తకం చెక్కుచెదరలేదు. మా డిక్షనరీ సరాసరి 'బి'తో మొదలయ్యేది. 'చూశావా, చెదలు కూడా వరస తప్పకుండా పనిచేస్తాయి, మన గుమాస్తాలే చెయ్యరు' అన్నారు హెడ్డు గుమాస్తా గారు. ఆయన పాతకాలం మెట్రిక్యులేషను. నా బియ్యేని ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఇందులో పెద్ద తేల్చేదేముందయ్యా?" అన్నారు. "'ఎడ్' అని చివర వస్తే భూతకాలం. ఆటోమేటెడ్ అంటే ఒకప్పుడు తనంతట తానే పనిచేసింది, ఇప్పుడు చెయ్యదు అని. నిన్న కాక మొన్న పెట్టె విప్పిన మిషన్ని పట్టుకుని పాడైపోయిందని ఎలా రాస్తావు?"

ఆ వాదనలో తప్పెక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది, చెప్పడం మాత్రం చేతకాలేదు. బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు గారిని పట్టుకున్నాను. ఆయన ఆ రోజు ప్రిన్సిపాలుతో తగాదా పడి ఉన్నారు. నేను చెప్పిందంతా విని, "ఆ రెండూ తప్పే. సరైన మాట అటానమస్. అంటే తన చట్టం తానే చేసుకునేది, ఒకడి పెత్తనం ఒప్పుకోనిది" అని బల్ల గుద్దారు. అది యంత్రం గురించి అన్నారో, తమ డిపార్టుమెంటు గురించి అన్నారో ఇప్పటికీ నాకు అనుమానమే. వచ్చి హెడ్డు గుమాస్తా గారికి చెబితే చెవులు మూసుకున్నారు. "కూతకి సొంత చట్టమా? ఇష్టమొచ్చినప్పుడల్లా కూస్తే మిల్లేం గాను?" అన్నారు. ఏ వేళన అన్నారో మహానుభావుడు.

మర్నాడు కూత మావ ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"ఇంగిలీసు బాబూ, కలకత్తా నుంచి ఏటో రెండు మాటలొచ్చినాయంట కదా. నానే మాటలో ఉన్నాను?"

నేను లేచి నిలబడి గట్టిగా అరిచాను. "ఆటోమేటిక్‌లో ఉన్నావు మావా!"

"టమాటాలోనా?"

"ఆటోమేటిక్!"

"అదే, టమాటిక్కు. మరి రెండోదాంట్లో?"

"రెండోదాంట్లో లేవు."

ఈ మాట మాత్రం ఆయనకి పూర్తిగా వినబడింది. నా బల్ల మీది సిరాబుడ్డిని నాకు అందకుండా కొంచెం పక్కకి జరిపాడు.

"అయితే రెండోది రాయకు బాబూ. ఈ సెవుడోణ్ణి ఇంకెవులు పన్లో ఎట్టుకుంతారు? ఇల్లు తీసీసినారంటే నానెక్కడికెల్తాను, అదెక్కడికెల్తాది?"

నాకు చాలా బాధనిపించింది. మాట తేడా వస్తే మార్కులు పోతాయని బియ్యేలో చెప్పారు గాని, సంసారం రోడ్డున పడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఆటోమేటిక్ అని రాసి పారేస్తే పోలేదా అంటారు మీరు. రాశాను. మేనేజరు సంతకం పెట్టలేదు. "బిల్లులో ఆటోమేటెడ్ అని ఉంది. డైరెక్టరు బిల్లు చూసి నన్ను నిలదీస్తే?" అన్నాడు. చివరికి ఆయనకో ఉపాయం తోచింది. ముందు బోర్డు తెలుగులో రాయించి పెడదాం, డైరెక్టరుకి తెలుగు రాదు గనక దాన్ని తప్పుపట్టలేడు, వచ్చి చూసి ఆయనే ఏదో ఒక మాట అంటాడు, అదే ఖాయం చేద్దాం అన్నాడు. నాకంతకంటే మంచిది తోచలేదు.

కాయితం మీద 'ఆటోమేటిక్ మిషన్' అని రాసి పెయింటరుకిచ్చాను. ఆయన అక్షరాలు పుష్టిగా రాసే మనిషి. 'ఆటో' అయ్యేసరికి సగం రేకు అయిపోయింది. మిగతా సగంలో 'మిషన్' అని రాసి కుంచె కడిగేసుకున్నాడు.

"మేటిక్ ఏదయ్యా?" అన్నాను.

"సోటేదండి? మేటిక్కు లేకపోతే మాత్తరం మిషను మిషను కాకుండా పోతాదేటి?"

కుట్టుమిషను, పిండిమిషను అన్నట్టే ఆటో మిషను. న్యాయమే కదా అనుకుని, బాయిలరు దగ్గర బిగించిన యంత్రానికి తగిలించేశాను. మీరిప్పుడు ఆ రెండు మాటల్నీ కలిపి గబగబా పలికి చూడండి. ఆటోమిషన్. ఎర్రసిరాతో వద్దన్న మాటకి అణువంత దూరంలో ఉంది. ఆ పని నా చేతులతో నేనే చేసి, మధ్యాహ్నం భోజనం చేసి, హాయిగా కునుకు తీశాను.

మా యూనియన్ సెక్రటరీ మగ్గం పనివాడు. విశాఖపట్నంలో ఒక సభకి వెళ్లి 'ఆటోమేషన్ నశించాలి' అని గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చాడు. అదెలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం బోర్డు కంటబడేసరికి "ఓలమ్మో, ఇది మనూరే వొచ్చీసినాది!" అని కేక పెట్టాడు. మగ్గాలన్నీ ఆగాయి. పొద్దున్నే ఆఫీసు ముందు జనం. మేనేజరు లోపల గడియ పెట్టుకుని, మాట్లాడి రమ్మని నన్ను కిటికీలోంచి బయటికి పంపాడు.

"ఒరే, అది ఆటోమేషన్ కాదురా, ఆటో మిషన్" అన్నాను.

"మిషనన్నా మేషనన్నా ఒకటే కాదేటి బాబూ? మేం ఇంగిలీసంటే మీరు ఇంగ్లీషన్నట్టు."

"ఆటోమేషన్ అంటే ఒక పద్ధతి. ఇది పద్ధతి కాదు, వస్తువు."

"వస్తువయితే మరీ మంచిది. పద్దతినైతే ఎక్కడని బద్దలుకొడతాం?"

పొద్దెక్కేదాకా బేరాలు సాగాయి. బోర్డు తీసేస్తే కలకత్తా ఊరుకోదు, ఉంచితే వీళ్లు ఊరుకోరు. చివరికి 'మిషన్' మీద సున్నం పూసి 'ఆటో' ఒక్కటే ఉంచడానికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆటో అంటే ఏటని సెక్రటరీ అడిగాడు. తనంతట తాను అని చెప్పాను. తనంతట తాను ఏం చేస్తుందన్నాడు. అది రాయలేదన్నాను. "రాయనంతకాలం మాకేటీ పేచీ లేదు" అని చెయ్యి కలిపి, వెళ్లబోతూ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి, "కూత మావ ఇల్లు కదిపినారంటే మాత్తరం మగ్గం ఆడదు బాబూ" అన్నాడు. ఆ పొద్దంతా మాట్లాడినవాటిలో నాకు అర్థమైన ముక్క అదొక్కటే.

డైరెక్టరు గారు వానలు మొదలైన వారానికి వచ్చారు. నది మీంచి చెమ్మగాలి కొడుతోంది. ఆ చెమ్మ గడియారంలోకి దూరింది కాబోలు. డైరెక్టరు గారు మిల్లు ముంగిట్లో కుర్చీలో కూర్చుని కొబ్బరిబోండాం నోటికి ఎత్తారో లేదో, మధ్యాహ్నం కూత పొద్దున్నే కూసింది. ఆయన చొక్కా తడిసిపోయింది.

లోపలున్న షిఫ్టు క్యారేజీలు పట్టుకుని బయటికి వచ్చేసింది. ఇళ్లలో ఉన్న షిఫ్టు తింటున్న చేతులతో లోపలికి వచ్చేసింది. గేటు దగ్గర ఆ రెండూ ఢీకొని ఎటూ కదల్లేదు. ఎదురుగా ఉన్న ప్రాథమిక పాఠశాల మాస్టారు మధ్యాహ్నం అయిపోయిందని బడి వదిలేశారు. ఒక షిఫ్టుని లోపలికి, ఒక షిఫ్టుని ఇంటికి తోలేసరికి మళ్లీ కూసింది. మాస్టారు ఇంకా వదలడానికి పిల్లలు లేక తానే ఇంటికి వెళ్లిపోయారు. మూడోసారి కూసినప్పుడు లెక్చరరు గారు గుర్తొచ్చారు. తన చట్టం తానే చేసుకునేది! పట్టుకుని దండం పెట్టాలనిపించింది. ఆఖరికి మెకానిక్కు సుత్తి తీసుకుని మెట్లెక్కి ఇనుపచెయ్యి ఊడగొట్టాడు. 'ఆటో' బోర్డు కూడా దానితోపాటే కింద పడింది.

డైరెక్టరు గారు చొక్కా తుడుచుకుంటున్నారు. కూత మావ బాయిలరు మీద ఉన్నాడు, కింది వాళ్లకి కనబడడు. ఎదురు లైన్లో ఆయన భార్య ఎప్పటిలాగే గుమ్మంలోకి వచ్చి తుండుగుడ్డ దులిపింది. ఇంత రభసలో కూడా ఈవిడకి దుమ్ము గోలేమిటా అనుకున్నాను. అంతలో పైనుంచి పొట్టిగా, చల్లగా 'కూ' అని వినబడింది. షెడ్డులోంచి తల్లులు లైన్లకేసి పరుగెత్తారు. డైరెక్టరు గారు రుమాలు దించారు.

అక్కడినుంచి అంతా ఇంగ్లీషులో జరిగింది, నేను తెలుగులో చెబుతున్నాను.

"ఇదేమిటి? ఊడగొట్టారు కదా?"

"ఇది కొత్తది కాదు సార్. పాతది" అన్నాను.

"పాతదా? పాతది ఏది?"

"కూత మావ సార్."

"కూటమావ్. జర్మన్ కంపెనీయా?"

నేను నోరు తెరిచేలోగా మేనేజరు "లోకల్ మేక్ సార్" అన్నాడు. అన్నాక ఆయన మొహం పాలిపోయింది. నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను.

"ఇప్పుడెందుకు కూసింది? ఎవరు కూయమన్నారు?"

"ఎవరూ చెప్పరు సార్. వేళైతే తనంతట తానే తెలుసుకుని కూస్తుంది."

ఇంగ్లీషులో నేను 'ఇట్' అన్నాను. నన్నెవరూ ఆపలేదు.

"అంటే ఆటోమేటిక్కా, ఆటోమేటెడ్డా?"

ఇన్నాళ్లూ నేను తేల్చలేనిది, ఆ క్షణంలో బాయిలరుకేసి చూసేసరికి దానంతట అదే తేలిపోయింది. "ఆటోమేటిక్ సార్" అన్నాను.

"అటెండెంటు ఉన్నాడా?"

"ఆ ఆటోమేటిక్‌కి అటెండెంటు అక్కర్లేదు సార్. కానీ షెడ్డు కారుతోంది."

డైరెక్టరు గారు బాయిలరుకేసి చాలాసేపు మెచ్చుకోలుగా చూశారు. వేడిగా ఉంటుందని పైకి మాత్రం ఎక్కలేదు. రైలు వేళైపోతోందని జీపెక్కేశారు.

కలకత్తా ఉత్తర్వు బేగినే వచ్చింది. కొత్త ఆటోమేటెడ్ యంత్రం పనికిమాలినది, తిరిగి పంపించవలెను. కూటమావ్ కంపెనీ వారి పాత ఆటోమేటిక్ ఉంచవలెను. దాని షెడ్డు కప్పు తక్షణం బాగుచేయించి, చెమ్మ తగలకుండా చూడవలెను. ఏటా ఒక డబ్బా నూనె పంపబడును. కూత మావ జీతం 'ఆటోమేటిక్ నిర్వహణ' పద్దులోకి మారింది. షెడ్డని నేను చెప్పిన మావ ఇంటి కప్పుకి కొత్త పెంకులు పడ్డాయి. మేనేజరు ఆ నెలంతా నాతో మాట్లాడలేదు, మర్నెల నుంచి నన్ను 'బాబూ' అనడం మొదలుపెట్టాడు.

కూత మావ అడిగాడు. "ఏ మాటలో ఎట్టినారు బాబూ నన్ను?"

"టమాటాలో మావా!" అని అరిచాను.

"బతికించినావు" అన్నాడు.

ఆయనకి రిటైరుమెంటు కూడా రాలేదు. యంత్రాలకి వయసు రాసే గడి మా ఫారాల్లో లేదు. కొన్నేళ్లపాటు అలాగే మెట్లెక్కి దిగాడు. ఒక చలికాలం మంచం పట్టి, ఇక లేవలేదు. నేను కలకత్తాకి 'ఆటోమేటిక్ ఆగిపోయినది' అని రాశాను. ఇంకేం రాయను? రాస్తుంటే అక్షరాలు కనబడలేదు. జవాబొచ్చింది: దానిని తుక్కు కింద అమ్మివేసి, షెడ్డు ఖాళీ చేయించవలెను.

ఆ కాయితం జేబులో పెట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను. ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను.

"ఆడు ఎల్లిపోనాడు. పాలకూత ఎవులు కూత్తారు బాబూ?" అంది.

"ఎవరో ఒకరు నేర్చుకుంటారులే అత్తా. ఆయనకైతే ఎవరూ చెప్పకుండానే తెలిసేది."

ఆమె నాకేసి వింతగా చూసింది.

"సెప్పకుండా ఎలాగ తెలుస్తాది? సెవుడోడు కదా. లైన్లలో సంటి గుంటలేడుత్తన్నారని ఆడికెలాగ ఇనబడతాది? ఇక్కడ్నించి నాను తుండు దులిపితే సూసి లాగీవోడు. నీకు తెల్దేటి?"

తెలీదు. అన్నేళ్లు ఎదురుగా చూసి దుమ్మనుకున్నాను. తనంతట తానే అని డైరెక్టరు ముందు గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను.

అక్కడే, ఆ గుమ్మంలోనే కూర్చుని, కొత్త ఉత్తరం చిత్తు రాశాను. 'ఆటోమేటిక్ ఆగిపోయిన మాట నిజమే. అయితే దానికి మొదటినుంచీ ఒక అటెండెంటు ఉన్న సంగతి మా పొరపాటువల్ల తమకు తెలియజేయబడలేదు. సదరు అటెండెంటు ప్రస్తుతం షెడ్డులోనే ఉన్నది.' ఏం రాస్తున్నావని అత్త అడిగింది. చెప్పాను.

"అయితే నాను కూడా ఒక మాటలో ఉన్నానేటి?"

"ఉన్నావత్తా. అటెండెంటు."

"ఆ మాటలో ఇల్లున్నాదా?"

"ఉంది."

"అయితే బేగి రాసీ" అని తుండుగుడ్డ తీసుకుని గుమ్మంలోకి వెళ్లింది. లైన్లలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. బాయిలరు మీద కొత్తగా గొలుసు పట్టుకున్న, బొగ్గేసే ఫైర్‌మన్‌కి ఇంకా ఏమీ తెలీదు. అతను ఇటు చూసేదాకా ఆమె దులుపుతూనే నిలబడింది.

కలకత్తా నుంచి జవాబొచ్చింది. ఆటోమేటిక్ అన్న తరువాత అటెండెంటు ఉండి తీరవలెనని మేము మొదటనే వ్రాసియుంటిమి గదా, కొత్త ఆటోమేటిక్ పంపబడువరకు సదరు అటెండెంటును షెడ్డులోనే ఉంచవలెను అని. కొత్తది ఎప్పటికీ రాలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.